రెండు రోజులుగా కదలని బిట్‌కాయిన్

ప్రశ్న: నమస్కారమండీ. నాకు 27 ఏళ్లు. కాకినాడలో ఇంటి నుంచే విదేశాల వారికి వెబ్‌సైట్లు తయారుచేసి ఇస్తుంటాను. కొందరు బిట్‌కాయిన్‌లో చెల్లించేవారు. అలా మూడేళ్లలో 23 సార్లు వచ్చిన చిన్న చిన్న మొత్తాలను ఫోన్‌లోని నా వాలెట్‌లోనే ఉంచుకున్నాను. పదకొండు రోజుల్లో చెల్లెలి నిశ్చితార్థం. అమ్మి రూపాయలు చేసుకుందామని మొన్న రాత్రి మొత్తాన్ని ఎక్స్ఛేంజ్‌లోని నా ఖాతాకు పంపాను. ఫీజు 3,200 సాటోషీలు (బిట్‌కాయిన్‌లోని అతి చిన్న ముక్కలు) ఇచ్చాను. రెండు రోజులైనా ‘నిర్ధారణలు: 0’ అనే చూపిస్తోంది. అదే రాత్రి నా స్నేహితుడు 2,100 సాటోషీలే ఇచ్చి పంపితే అరగంటలో చేరిపోయింది. ఎక్కువ ఇచ్చిన నన్నే ఎందుకు ఆపారు? టెలిగ్రామ్‌లో పరిచయమైన ఒకాయన రూ.9,500 కడితే విడిపిస్తానంటున్నారు, వాలెట్‌లోని 12 పదాలు కూడా అడుగుతున్నారు. అమ్మకు ఇంకా ఏమీ చెప్పలేదు. ఏం చేయమంటారు? బిట్‌కాయిన్ ఒక్కటే ఇలా ఉంటుందా?

— పేరు వద్దు, కాకినాడ

సమాధానం: ముందు ఆ టెలిగ్రామ్ మనిషి సంగతి. ఆ పన్నెండు పదాలు ఆయనకు పంపకండి. రూ.9,500 కూడా కట్టకండి. ఆ పదాలే మీ వాలెట్. అవి ఎవరి చేతిలో ఉంటే సొమ్ము వారిది. ఇప్పటికే పంపేసి ఉంటే మిగతాది తర్వాత చదవవచ్చు, ఫీజు పెంచడం గురించి కింద రాశాను, ఆ పని ఈ క్షణమే చేయండి. ఎందుకంటే ఆ పదాలు తెలిసిన దొంగ కూడా అదే పని చేయగలడు. చేరాల్సిన చిరునామా దగ్గర మాత్రం తనది పెట్టుకుంటాడు.

రెండో మాట, మీ సొమ్ము ఎక్కడికీ పోలేదు. దారిలో ఎక్కడో చిక్కుకుపోయిందన్నట్టు రాశారు. బిట్‌కాయిన్‌కు దారి అంటూ ఒకటి లేదు. మీరు ‘పంపు’ నొక్కినప్పుడు జరిగింది ఇంతే: ‘నా కింద ఉన్న ఈ 23 మొత్తాలను ఫలానా చిరునామాకు మార్చండి’ అని మీ రహస్య తాళంతో సంతకం చేసిన ఒక కాగితం ప్రపంచమంతా ఉన్న వేలాది కంప్యూటర్లకు చేరింది. దాన్ని ఎవరో ఒక మైనర్ (ఆ పుస్తకం రాసే పనికి కంప్యూటర్లు నడిపేవారు) బిట్‌కాయిన్ ఖాతా పుస్తకంలోకి ఎక్కించేదాకా పుస్తకం ప్రకారం ఆ సొమ్ము మీదే. ‘నిర్ధారణలు: 0’ అంటే కాగితం అందింది, ఇంకా పుస్తకానికి ఎక్కలేదు అని అర్థం. మధ్యలో ఎవరి చేతిలోనూ మీ డబ్బు లేదు. అందుకే దాన్ని ‘విడిపించే’ వారు కూడా లేరు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వస్తాను. అది మంచి ప్రశ్న, చాలామంది అడగరు కూడా. ఎక్కువ ఇచ్చినవాడిది ఆగి, తక్కువ ఇచ్చినవాడిది ఎలా వెళ్ళింది?

మీరు నిజానికి ఎక్కువ ఇవ్వలేదు. ఏడింతలు తక్కువ ఇచ్చారు.

లారీ పార్సిల్ ఆఫీసును తలచుకోండి. అక్కడ పెట్టెకింత అని తీసుకోరు, కిలోకింత అని తీసుకుంటారు. బిట్‌కాయిన్‌లోనూ లెక్క అదే. ఎంత సొమ్ము పంపుతున్నారన్నది ఎవరికీ పట్టదు. కోటి రూపాయల విలువ పంపినా వెయ్యి రూపాయలు పంపినా ఒకటే. ఆ కాగితం ఎన్ని బైట్ల స్థలం తీసుకుంటుందన్నదే లెక్క. మీ స్నేహితుడు ఒకే మొత్తం నుంచి పంపి, మిగిలిన చిల్లర వెనక్కి తీసుకుని ఉంటారు. అలాంటి కాగితం తూకం సుమారు 141 బైట్లు. 2,100 సాటోషీలను 141తో భాగించండి, బైటుకు దాదాపు 15 సాటోషీలు పడింది.

మీ వాలెట్‌లో ‘నిల్వ’ అని ఒకే అంకె కనిపిస్తుంది కాబట్టి అంతా ఒకే ముద్దగా ఉందనుకుంటాం. లోపల అలా ఉండదు. 23 సార్లు వచ్చినవి 23 విడి నాణేలుగానే ఉంటాయి. ఒకేసారి ఖర్చు పెట్టాలంటే ప్రతి నాణేన్నీ విడిగా చూపించాలి, ప్రతిదానికీ విడిగా సంతకం పెట్టాలి. మీ చిరునామాలు ‘బీసీ1’తో మొదలయ్యే కొత్త రకం అయితే ఒక్కో నాణేనికి సుమారు 68 బైట్లు. 23 నాణేలకూ కలిపి, పైన ఉండే కొద్దిపాటి అదనంతో, 1,600 బైట్ల దాకా వచ్చింది. 3,200 సాటోషీలను 1,600తో భాగిస్తే బైటుకు రెండే రెండు. మీ స్నేహితుడు చిన్న కవరును కిలోకు 15 చొప్పున ఇచ్చి పంపారు, మీరు పెద్ద బస్తాను కిలోకు 2 చొప్పున ఇచ్చి పంపారు. లారీ నింపే మనిషి ముందు ఏది ఎక్కిస్తాడో చెప్పనక్కరలేదు. (1 అంకెతో మొదలయ్యే పాత రకం చిరునామాలైతే ఒక్కో నాణేనికి 148 బైట్లు. అప్పుడు మీ బస్తా రెట్టింపు కంటే బరువయ్యేది.)

రూపాయల్లో చూడాలంటే ఒక సులువు ఉంది. ఒక బిట్‌కాయిన్‌లో పది కోట్ల సాటోషీలు. లెక్క కోసం బిట్‌కాయిన్ ధర కోటి రూపాయలనుకుంటే ఒక్కో సాటోషీ పది పైసలు. మీ ఫీజు రూ.320, మీ స్నేహితుడిది రూ.210. మీ వాలెట్ మీకు ఆ 320 ఒక్కటే చూపించి ఉంటుంది. బైటుకు ఎంత పడుతోందో పెద్ద అక్షరాలతో చూపించే వాలెట్లు తక్కువ, ఆ లోపం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. మనిషి నిర్ణయం తీసుకోవాల్సింది ఆ అంకెను చూసే.

లారీలో చోటు ఎంత? బిట్‌కాయిన్‌లో లారీ పేరు బ్లాక్. ఒక్కో బ్లాక్ మొదట్లో ఒక మెగాబైటుకు మించకూడదని 2010లో హద్దు పెట్టారు. 2017 ఆగస్టులో వచ్చిన సెగ్‌విట్ అనే మార్పుతో కొంత చోటు పెరిగింది. అయినా ఒక బ్లాక్‌లో పట్టేవి మామూలుగా కొన్ని వేల లావాదేవీలే. పెద్దది చేస్తే పోలేదా అని మీకు అనిపించవచ్చు. ఈ ప్రశ్న మీదే ఆ సముదాయం రెండుగా చీలింది, 2017లో బిట్‌కాయిన్ క్యాష్ అనే మరో నాణెం వేరుపడింది కూడా ఇందుకే. పెద్ద బ్లాకులు వద్దన్నవారి వాదన తేలికైనది కాదు. పుస్తకం మరీ లావైతే మామూలు ఇంటి కంప్యూటర్‌లో దాని పూర్తి నకలు పెట్టుకోవడం కష్టమవుతుంది, అప్పుడు లెక్క సరిచూసే పని కొద్దిమంది పెద్దల చేతుల్లోకి పోతుంది అని వారి భయం. మీరు పడుతున్న ఈ ఎదురుచూపు ఆ నిర్ణయానికి చెల్లిస్తున్న మూల్యం.

ఇక లారీ ఎప్పుడు బయలుదేరుతుంది? ‘పది నిమిషాలకొకటి’ అని అందరూ చెబుతారు, మీరూ విని ఉంటారు. అది సగటు మాత్రమే, గడియారం కాదు. మైనర్లు చేసేది ఒక రకంగా గవ్వలు వేయడం లాంటిది. చిన్నప్పుడు మా ఇంట్లో అష్టాచెమ్మా ఆడేటప్పుడు, చెమ్మా గానీ అష్టా గానీ పడితేనే కాయ కదిలేది. మా తమ్ముడు పది సార్లు వేసి పడకపోతే ‘ఈసారి తప్పకుండా పడాల్సిందే’ అని గట్టిగా గవ్వలు కలిపేవాడు. గవ్వలకు ఆ పది సార్లూ గుర్తుండవు కదా. బ్లాక్ కూడా అంతే. మీరు ఇప్పటికి నలభై నిమిషాలు ఎదురుచూసినా, ఇంకా ఎదురుచూడాల్సిన సగటు మళ్లీ పది నిమిషాలే. లెక్క వేసి చూస్తే ఇరవై బ్లాకుల్లో ఒకటి అరగంట దాటాక వస్తుంది. రోజుకు దాదాపు 144 బ్లాకులు కాబట్టి అలాంటివి రోజుకు ఏడు. గంట దాటేవి కూడా ఉంటాయి, సుమారు నాలుగు వందల్లో ఒకటి, అంటే మూడు రోజులకు ఒకసారి. లారీలు అన్నీ సవ్యంగా నడుస్తున్న రోజుల్లోనే ఇలా.

ఒక్కోసారి లారీలే తగ్గుతాయి. 2021లో చైనా మైనింగ్‌ను నిషేధించినప్పుడు అక్కడి యంత్రాలు మూకుమ్మడిగా ఆగిపోయాయి, బ్లాకుల మధ్య ఎడం బాగా పెరిగింది. బిట్‌కాయిన్ దీన్ని తనంతట తానే సరిచేసుకుంటుంది. ప్రతి 2,016 బ్లాకులకు, అంటే సుమారు రెండు వారాలకు, పని ఎంత కష్టంగా ఉండాలో తిరిగి లెక్క కడుతుంది. ఆ ఏడాది జులై 3న ఆ కష్టం ఒక్క దెబ్బకు సుమారు 28 శాతం తగ్గింది. కానీ అప్పటిదాకా అందరూ ఆగవలసే వచ్చింది.

మీది మాత్రం లారీలు తక్కువై ఆగినది కాదు. సరుకు ఎక్కువై ఆగినది. ఎక్కని కాగితాలు కాచుకుని ఉండే చోటును మెంపూల్ అంటారు. అక్కడ ముందు వచ్చినవారికి ముందు అన్న పద్ధతి లేదు. కొత్తగా వచ్చినవాడు కిలోకు ఎక్కువ ఇస్తే నేరుగా మీ ముందుకు వెళ్తాడు. రెండు రోజులుగా నిలబడ్డందుకు మీకు ఏ మర్యాదా దక్కదు. నాకు ఇది 2023 మే నెలలో బాగా తెలిసివచ్చింది. ఆ ఏడాది జనవరిలో ఆర్డినల్స్ అని, మార్చిలో బీఆర్‌సీ-20 టోకెన్లని వచ్చాయి. బిట్‌కాయిన్ పుస్తకంలోనే బొమ్మలు, రాతలు, కొత్త టోకెన్లు ఎక్కించే పని ఒక జాతరలా సాగింది. మే మొదటి వారం దాటేసరికి వరుసలో నాలుగు లక్షలకు పైగా లావాదేవీలు పోగుపడ్డాయి. ఫీజుల మొత్తమే, ఒక్కో బ్లాక్‌కు మైనర్‌కు అప్పట్లో వచ్చే 6.25 బిట్‌కాయిన్ల బహుమతిని మించిపోయిన బ్లాక్ కూడా అప్పుడు వచ్చింది. అందులోనే నేను పంపిన చిన్న మొత్తం ఒకటి తొమ్మిది రోజులు నిలిచిపోయింది. రాత్రి రెండింటికి మెలకువ వచ్చి, దిండు కింద నుంచి ఫోన్ తీసి, చీకట్లో ఆ సున్నాను చూసి మళ్లీ పెట్టేసేవాణ్ని. నా ముందున్న వరుస తగ్గినట్టే తగ్గి, తెల్లారేసరికి ఇంకా పెరిగి ఉండేది. పదో రోజు ఉదయం పాలు కాస్తుండగా సున్నా ఒకటైంది. అందుకే మీరు ‘అమ్మకు ఇంకా చెప్పలేదు’ అని రాసిన చోట చాలాసేపు ఆగిపోయాను.

ఇంతకన్నా ఘోరమైన రోజులూ ఉన్నాయి. 2017 డిసెంబరులో సగటు ఫీజు 50 డాలర్లు దాటింది. 2024 ఏప్రిల్ 20న, మైనర్ల బహుమతి 3.125 బిట్‌కాయిన్లకు తగ్గిన రోజునే, రూన్స్ అనే మరో టోకెన్ల పద్ధతి మొదలై, సగటు 120 డాలర్లు దాటింది. కొద్ది రోజులకే దిగివచ్చింది. ఇలాంటి రద్దీలు వస్తాయి, పోతాయి. ఓపిక ఉన్నవారికి చివరకు తక్కువ ధరకే చోటు దొరుకుతుంది.

మీకు ఓపిక ఉన్నా, పదకొండు రోజుల్లో నిశ్చితార్థం ఉంది. ఊరికే ఆగితే ఏమవుతుందో కూడా చెబుతాను. వరుస పలచబడి బైటుకు 2 సాటోషీల వంతు వస్తే మీది దానంతటదే ఎక్కుతుంది. రాకపోతే, బిట్‌కాయిన్ కోర్ అనే ప్రధాన సాఫ్ట్‌వేర్ మామూలు అమరికలో 14 రోజుల తర్వాత ఆ కాగితాన్ని మరచిపోతుంది. వరుస మరీ పెరిగితే అంతకు ముందే తక్కువ ధర వాటిని బయటపడేస్తుంది. అలా జరిగితే మీ నిల్వ మీ వాలెట్‌లో మళ్లీ కనిపిస్తుంది, నష్టం ఏమీ లేదు. అయితే కొన్ని వాలెట్లు అదే కాగితాన్ని మళ్లీ మళ్లీ పంపుతూ ఉంటాయి కాబట్టి పద్నాలుగో రోజున కచ్చితంగా తేలుతుందని లెక్క పెట్టుకోకండి.

మీరు చేయాల్సింది ఫీజు పెంచడం. పద్ధతి పేరు ఆర్‌బీఎఫ్ (రీప్లేస్ బై ఫీ). అవే 23 నాణేలతో, అదే చిరునామాకు, ఎక్కువ ఫీజుతో కొత్త కాగితం రాసి సంతకం చేస్తారు. మైనర్లకు లాభం ఎక్కువున్నది కొత్తదే కాబట్టి పాతదాన్ని పక్కన పడేస్తారు. రెండూ ఎక్కే ప్రమాదం లేదు, ఒకే నాణెం రెండు సార్లు ఖర్చు కావడాన్ని పుస్తకం ఒప్పుకోదు. మీ వాలెట్‌లో ఆ లావాదేవీని తెరిస్తే ‘ఫీజు పెంచు’ లేదా ‘వేగం పెంచు’ అన్న అర్థంలో ఒక మీట ఉంటుంది. లేకపోతే, ఆ 12 పదాలను మీరే, మీ చేతులతో, ఈ సదుపాయం ఉన్న పేరున్న మరో వాలెట్‌లో ఎక్కించి అక్కడి నుంచి చేయవచ్చు. ఆ వాలెట్‌ను దాని అధికారిక సైటు నుంచే దించుకోండి, ఎవరో పంపిన లింకు నుంచి కాదు. మొదట పంపినప్పుడు ‘మార్చడానికి వీలు’ అన్న గుర్తు పెట్టకపోయినా ఇప్పుడు పెద్ద అడ్డంకి కాదు. 2024 అక్టోబరులో వచ్చిన బిట్‌కాయిన్ కోర్ 28 నుంచి ఆ గుర్తు లేని వాటిని కూడా మార్చనిస్తున్నారు.

ఎంత పెంచాలి? ఏదైనా బ్లాక్ ఎక్స్‌ప్లోరర్‌లో (లావాదేవీలను, ఫీజులను చూపించే సైటులో) ఈ పూట బైటుకు ఎంత నడుస్తోందో చూడండి. ఇంకా 15 దగ్గరే ఉంటే 1,600 బైట్లకు 24,000 సాటోషీలు. కోటి రూపాయల లెక్కలో రూ.2,400. మనసు చివుక్కుమంటుంది, నాకు తెలుసు. మొత్తం ఊడ్చి పంపారు కాబట్టి వెనక్కి వచ్చే చిల్లర లేదు, ఈ ఫీజు ఎక్స్ఛేంజ్‌కు చేరే మొత్తంలోంచే తగ్గుతుంది. అందుకే ఒక్క రోజు ఓపిక పట్టమంటాను. వారాంతాల్లో రద్దీ తరచూ తగ్గుతుంది. ఆదివారం ఉదయం మళ్లీ చూసి, 5కో 6కో దిగి ఉంటే అప్పుడు పెంచండి, వెయ్యి రూపాయల లోపే పని అయిపోతుంది. సోమవారం దాకా దిగకపోతే మాత్రం ఇక ఆగవద్దు. (పదాలు ఇప్పటికే పంపేసి ఉంటే ఈ ఎదురుచూపులేవీ మీకు వర్తించవు.)

ఇంకో పద్ధతి గురించి కూడా వినే ఉంటారు. ఆగిన లావాదేవీ నుంచి వచ్చే నాణేన్ని ఎక్కువ ఫీజుతో మరోచోటికి పంపితే, దాని కోసం మైనర్ మొదటిదాన్ని కూడా ఎక్కించుకుంటాడు. పిల్ల కోసం తల్లికి కూడా చోటిచ్చినట్టు. కానీ అది నాణెం అందుకునేవారు చేయాలి, లేదా మీకు చిల్లర వెనక్కి రావాలి. అందుకునేది ఎక్స్ఛేంజ్, చిల్లర లేదు. కాబట్టి అది మీకు పనికిరాదు.

కొన్ని మైనింగ్ సంస్థలు డబ్బు తీసుకుని ఆగిన లావాదేవీని తమ బ్లాక్‌లో ఎక్కిస్తాయన్నది నిజమే. టెలిగ్రామ్ మనిషి ఆ మాటే చెప్పి ఉంటాడు. నిజంగా ఆ పని చేసేవారికి లావాదేవీ సంఖ్య తప్ప మీ నుంచి ఏ రహస్యమూ అక్కరలేదు. పదాలు అడిగిన క్షణమే వాడు దొంగ అని తేలిపోయింది. మీరు ఇప్పటికే ఏమైనా కట్టి ఉంటే సిగ్గుపడి ఊరుకోకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయండి. ఆ నంబరుకు ఎంత త్వరగా ఫోన్ చేస్తే అంత మేలు.

లావాదేవీ ఎక్కాక కూడా ఎక్స్ఛేంజ్‌లో డబ్బు వెంటనే కనిపించదు. ఒక బ్లాక్ ఎక్కితే ఒక నిర్ధారణ. దాని మీద మరో బ్లాక్ పడితే రెండు. చివరి ఒకటి రెండు బ్లాకులు అరుదుగా తారుమారు కావచ్చు కాబట్టి ఎక్స్ఛేంజ్‌లు మరికొన్ని బ్లాకులు పడేదాకా ఆగుతాయి. ఆరు నిర్ధారణలన్నది చాలా కాలంగా వాడుకలో ఉన్న లెక్క, అంటే సుమారు గంట. అవన్నీ పూర్తయినా ఖాతాలో పడకపోతే అది బిట్‌కాయిన్ సమస్య కాదు, ఎక్స్ఛేంజ్ తనిఖీ. 2023 మార్చి నుంచి మన దేశంలో ఈ సంస్థలు మనీ లాండరింగ్ నిరోధక చట్టం కిందికి వచ్చాయి. సొమ్ము ఎక్కడి నుంచి వచ్చిందని అడగవచ్చు. మీ ఖాతాదారులకు పంపిన బిల్లులు దగ్గర పెట్టుకోండి. అమ్మేటప్పుడు ఒక శాతం టీడీఎస్ కోత ఉంటుంది, లాభం మీద 30 శాతం పన్ను ఉంటుంది. మీది పనికి వచ్చిన ఆదాయం కాబట్టి లెక్క కొంచెం వేరు. చార్టర్డ్ అకౌంటెంట్‌ను ఒకసారి కలవండి.

బిట్‌కాయిన్ ఒక్కటే ఇలా ఉంటుందా అన్నారు. ఈథీరియం అనే మరో క్రిప్టోలో 12 సెకన్లకొక బ్లాక్. అక్కడ కూడా రద్దీలో తక్కువ ఇస్తే ఆగుతుంది, పైగా ఒక ఖాతా నుంచి పంపినవాటికి వరుస సంఖ్యలుంటాయి. ఐదోది ఆగితే ఆరోది, ఏడోది ఎంత ఫీజు ఇచ్చినా కదలవు.

మున్ముందు విదేశాల నుంచి వచ్చే చిన్న మొత్తాలు పోగుపడుతూనే ఉంటాయి. ఫీజు బైటుకు ఒకటి రెండు సాటోషీలకు దిగిన తీరిక రోజున వాటన్నిటినీ మీకు మీరే పంపుకుని ఒకే నాణెంగా కలిపి ఉంచండి. అవసరం పడిన రోజున 1,600 బైట్ల బస్తాకు బదులు నూట చిల్లర బైట్ల కవరు మోయించుకుంటారు. తేదీ ఉన్న ఖర్చుకు దాచిన సొమ్మును కనీసం మూడు వారాల ముందే రూపాయలు చేసుకోండి.

ఈ రాత్రి అమ్మకు విషయం చెప్పండి. డబ్బు పోయిందని కాదు, బ్యాంకులో చెక్కు వేసి పాస్ అయ్యేదాకా ఆగినట్టు ఆగుతున్నామని చెప్పండి, ఆమెకు అర్థమవుతుంది. ఫీజు పెంచాక మీ లావాదేవీకి కొత్త సంఖ్య వస్తుంది, 64 అక్షరాలు, అంకెలు కలిసిన పొడవాటి వరుస. ఎక్స్ఛేంజ్ వారు అడిగితే ఆ కొత్తదే ఇవ్వండి. పాత సంఖ్యతో వెతికితే ‘దొరకలేదు’ అని రావచ్చు. అప్పుడు కంగారు పడకండి, దాన్ని తీసేయించింది మీరే.